బండకో కాలం.. బడి సెలవులకో కాలం
భువనగిరి కోట రాతిపై వేసవి శిక్షణ వేళలు మారాల్సిందే

భువనగిరి: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దల సామెత. సరిగ్గా ఆ కార్తెకు ముందూ వెనుకా పిల్లలకు బడి సెలవులు. సెలవులుంటేనే శిక్షణ శిబిరాలు. శిబిరాలనగానే యాదాద్రి భువనగిరి జిల్లాలో ముందుగా గుర్తుకొచ్చేది కోట బండపై రాక్‌ క్లైంబింగ్‌. ఇలా ఒకదానికొకటి ముడిపడి, ఏడాది మొత్తంలో రాతిపై చేయి ఆనించడానికే వీలుకాని నెలలో పిల్లలు రాతిని ఎక్కవలసి వస్తోంది. వేసవి శిబిరాలు వద్దనడం తేలిక. వద్దంటే నష్టపోయేది ఎవరన్నది కూడా ఆలోచించాలి. శిక్షణ ఆగకుండా, పిల్లలకు వడదెబ్బ తగలకుండా చూసే దారి ఉందా అన్నదే ఇప్పుడు తేలాల్సిన విషయం.

ఎవరెస్టుకు ఇక్కడే తొలి మెట్టు

భువనగిరి బండకు చరిత్ర కొత్త కాదు. పశ్చిమ చాళుక్య చక్రవర్తి, త్రిభువనమల్లుడనే బిరుదున్న ఆరో విక్రమాదిత్యుడు (1076-1126) ఈ ఏకశిలపై కోట కట్టించాడని చరిత్రకారులు చెబుతారు. త్రిభువనగిరి కాలక్రమంలో భువనగిరి అయింది. హైదరాబాద్‌-వరంగల్‌ రహదారి మీద వెళ్లేవారికి దూరం నుంచే కనిపించే ఈ బండ ఎత్తు అయిదు వందల అడుగుల పైమాటే. శత్రువు ఎక్కలేడనే ధీమాతో నాడు రాజులు ఎంచుకున్న నున్నటి రాయి, నేడు ఎక్కడం నేర్పే బడిగా మారింది.

2013లో సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల నుంచి ఎంపికైన విద్యార్థులకు ఇక్కడే శిలారోహణలో ఓనమాలు దిద్దించారు. వారిలో నిజామాబాద్‌ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్‌ పూర్ణ, నాటి ఉమ్మడి ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్‌ ఉన్నారు. భువనగిరి తర్వాత డార్జిలింగ్‌, ఆ తర్వాత లద్దాఖ్‌ చలిలో శిక్షణ పొంది, 2014 మే 25న టిబెట్‌ వైపు నుంచి ఇద్దరూ ఎవరెస్టు శిఖరాన్ని చేరుకున్నారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆమె 2022లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాల అధిరోహణను సైతం పూర్తి చేసింది.

ఎవరెస్టుపై గాలి ఉద్ధృతి తగ్గి శిఖరానికి దారి దొరికేది మే నెలలోనే. అక్కడ అది అనువైన కాలం. అదే మే నెల భువనగిరిలో నిప్పుల కుంపటి. పర్వతారోహణ పేరు వినగానే మంచు, చలి గుర్తుకు రావడం వల్లనేమో, దానికి తొలి పాఠమైన బండ ఎక్కడంలో ఎండ అనే శత్రువు ఉందన్న సంగతి చాలామందికి తట్టదు. చలికి కోటు ఉంది. ఎండకు తొడుక్కునే కోటేదీ లేదు.

డిగ్రీలొక్కటే లెక్క కాదు

వేసవి అనగానే అందరి చూపు ఉష్ణోగ్రత మీదే ఉంటుంది. 42 డిగ్రీలంటే భయపడతాం, 35 అంటే ఊపిరి పీల్చుకుంటాం. శరీరం మాత్రం అలా లెక్క కట్టదు. చెమట పట్టడం వల్ల ఒంటికి చల్లదనం రాదు. ఆ చెమట ఆవిరైతేనే వస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆవిరి కాకుండా కారిపోతుంది. నీరు పోతుంది, ఉప్పు పోతుంది, వేడి మాత్రం ఒంట్లోనే ఉంటుంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఇంట్లోని మట్టి కుండ చాలు. మే నెలలో కుండ నీళ్లు గొంతు జిల్లుమనేలా ఉంటాయి. అదే కుండ శ్రావణంలో నీటిని అంతగా చల్లబరచదు. గాలి పొడిగా ఉంటే కుండ గోడల నుంచి ఊరే తేమ త్వరగా ఆవిరవుతుంది. తేమగా ఉంటే ఆ పని మందగిస్తుంది. తెలంగాణ పల్లెల్లో చల్లగాలి ఇచ్చే ఎయిర్‌ కూలరు విశాఖ తీరంలో ఉక్కపోతను పెంచడానికీ కారణమిదే. మనిషి ఒళ్లు కూడా ఒక కుండే.

థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి ఆడనిస్తే వచ్చే అంకెను తడిబల్బు ఉష్ణోగ్రత అంటారు. చెమటతో ఒళ్లు ఎంత మేరకు చల్లబడగలదో అది చెబుతుంది. 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం ఈ అంకె సుమారు 24. 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్నచోట అది 30 దాటుతుంది. అంటే ఉష్ణోగ్రత ఏడు డిగ్రీలు తక్కువైనా శరీరానికి రెండో రోజే ఎక్కువ కష్టం. తడిబల్బు 35 డిగ్రీలకు చేరితే నీడలో ఊరకే కూర్చున్న ఆరోగ్యవంతుడు సైతం కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని శాస్త్రవేత్తలు 2010లో లెక్కగట్టారు. తర్వాత అమెరికాలో యువకులపై జరిపిన పరీక్షల్లో ఆ హద్దు ఇంకా కిందనే, 31 డిగ్రీల ప్రాంతంలోనే ఉందని 2022లో వెల్లడైంది. ఇక తాడు కట్టుకుని బండ ఎక్కే పిల్లవాడి సంగతి చెప్పనక్కర్లేదు.

వాతావరణ శాఖ నిబంధనల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. మైదాన ప్రాంతాల్లో పగటి ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరితేనే వడగాలుల లెక్కలోకి తీసుకుంటారు. తీర ప్రాంతాల్లో 37 డిగ్రీలకే తీసుకుంటారు. రెండుచోట్లా అది సాధారణం కంటే ఎంత ఎక్కువన్నది కూడా చూస్తారు.

అలాగని పొడి ఎండ మంచిదని కాదు. పొడి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు. చొక్కా తడవదు కాబట్టి దాహం తీరిందనే భ్రమ కలుగుతుంది. గంటకు లీటరు వరకు నీరు ఒంటి నుంచి పోతున్నా గమనింపు ఉండదు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు రెండు వేల మంది వడదెబ్బకు బలయ్యారు. వారెవరూ సాహసాలకు వెళ్లినవారు కారు. ఎక్కువమంది కూలీలు, వృద్ధులు, రోజువారీ పనిమీద బయటికొచ్చినవారు.

రాయి దాచుకునే వేడి

గాలి ఉష్ణోగ్రతను నీడలో కొలుస్తారు. బండ ఎండలో ఉంటుంది. మిట్ట మధ్యాహ్నం గ్రానైటు ఉపరితలం గాలి కంటే పదిహేను, ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. గుడి ప్రదక్షిణలో రాతి పలకల మీద ఉత్తికాళ్లతో పరుగు తీసినవారికి ఇది వివరించి చెప్పనవసరం లేదు. అక్కడ పరుగు తీసి తప్పించుకోవచ్చు. బండ ఎక్కేవాడు అదే పలకను వేళ్లతో పట్టుకుని, బరువంతా దాని మీదే మోపి, తర్వాతి పట్టు కోసం వెతుక్కోవాలి.

అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకోటుంది. రాయి వేడిని మెల్లగా తీసుకుని మెల్లగా వదులుతుంది. సూర్యాస్తమయం తర్వాత గాలి చల్లబడుతున్నా బండ సెగ కక్కుతూనే ఉంటుంది. రాత్రి భోజనాల వేళకు కోట దిగువన నిల్చుంటే ముఖానికి కొట్టేది ఆ సెగే. అధికారుల హెచ్చరికల్లో సాధారణంగా మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా బయటికి రావద్దని ఉంటుంది. అది పొలానికి, బజారుకు సరిపోయే సలహా. బండకు సరిపోదు. పడమటి ముఖంగా ఉన్న రాతికి అసలు ఎండ తగిలేదే మూడింటి తర్వాత. సాయంత్రం అయిదింటికి ఎండ తగ్గింది కదా అని పిల్లలను ఆ వైపు ఎక్కిస్తే, రోజంతటిలో ఆ రాయి అత్యంత వేడిగా ఉన్న సమయానికే ఎక్కించినట్టు లెక్క.

రాత్రంతా చల్లారిన బండ తెల్లవారుజామున తక్కువ వేడితో ఉంటుంది. గాలి ఉష్ణోగ్రత అత్యల్పంగా ఉండేదీ సూర్యోదయం ముందే. వేకువన తేమ 60 శాతం దాకా ఉంటుంది కదా, ఉక్కపోత కాదా అన్న సందేహం రావచ్చు. 28 డిగ్రీల వద్ద 60 శాతం తేమ అంటే తడిబల్బు అంకె 22 మాత్రమే. మధ్యాహ్నపు 24 కన్నా అది మెరుగు. పైగా నెత్తిన ఎండ లేదు, రాతిలో సెగ లేదు. ఏ విధంగా చూసినా ఉదయమే మేలు. తెల్లవారుజామున మొదలుపెట్టి పడమటి ముఖం మీద సాధన చేయిస్తే పొద్దెక్కేదాకా నీడ దొరుకుతుంది. తూర్పు ముఖమైతే ఆరు గంటలకే ఎండ కొడుతుంది.

ఉత్తరం వైపు ఎప్పుడూ నీడే అనే నమ్మకం కూడా కొందరిలో ఉంది. చలికాలంలో అది నిజమే. భువనగిరి ఉన్నది సుమారు పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే రెండో వారం నుంచి జులై చివరి దాకా ఇక్కడ మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. నీడ మాయమయ్యే రోజంటూ ఏటా మే 9 ప్రాంతంలో హైదరాబాద్‌లో పిల్లలకు చూపించేది దీనికి ఆరంభమే. డిసెంబరులో నీడనిచ్చిన ఉత్తరపు గోడ మే చివర్లో మధ్యాహ్నానికి ఎండలో ఉంటుంది. చలికాలంలో వచ్చి స్థలం చూసుకుని వెళ్లిన నిర్వాహకులు పొరబడేది ఇక్కడే.

వేడికి రాయి కదులుతుందా?

రోళ్లు పగులుతాయన్న సామెతను కొట్టిపారేయనక్కర్లేదు. బండ మీద మంట పెట్టి, వేడికి పైపొర లేచాక దాన్ని పలకలుగా తీసే విద్య మన రాతి పనివారికి తరతరాలుగా తెలుసు. మంట చేసే పనిని ఎండ కూడా చేస్తుంది, కాకపోతే ఏళ్ల తరబడి. అమెరికాలోని యోసెమిటీ లోయలో ఒక గ్రానైటు గోడకు అంటుకుని ఉన్న పలుచని రాతి పొరకు పరికరాలు అమర్చి శాస్త్రవేత్తలు మూడేళ్లకు పైగా పరిశీలించారు. పంతొమ్మిది మీటర్ల ఎత్తున్న ఆ పొర ఎండ ఎక్కేకొద్దీ గోడ నుంచి దూరం జరుగుతూ, రాత్రికి తిరిగి దగ్గరవుతూ రోజుకు దాదాపు సెంటీమీటరు మేర ఊగిసలాడినట్టు తేలింది. కాలం గడిచేకొద్దీ పగులు పెరుగుతుందని, వాన, భూకంపం వంటి కారణమేదీ కనిపించకుండా వేసవి మధ్యాహ్నాల్లో రాళ్లు ఊడిపడటానికి ఇదొక కారణమని 2016లో వారు ప్రకటించారు.

తెలంగాణ గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఉల్లిపొరల్లా పొరలు విడిచే గుణం వీటికీ ఉంది. భువనగిరి బండ కూలిపోతుందని భయపెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. పట్టుకునేముందు రాతి అంచును వేలి కణుపుతో తట్టి, డొల్ల శబ్దం వస్తే వదిలేయాలన్న పాత పాఠాన్ని వేసవిలో మరింత పట్టుదలగా అమలు చేయాలన్నంతే. హెల్మెట్‌ ఉక్కగా ఉందని తీసేసే పిల్లలను మందలించవలసింది కూడా ఇందుకే.

చెమట చేతుల చిక్కు

బండ ఎక్కడంలో బలం కంటే పట్టు ముఖ్యం. భువనగిరి వంటి ఏటవాలు నున్నటి రాతిపై చేతులతో లాక్కుని ఎక్కేది తక్కువ. బూటు అడుగున ఉన్న రబ్బరుకు, రాతి గరుకుకు మధ్య రాపిడే మనిషిని నిలబెడుతుంది. ఈ బూట్ల రబ్బరు చల్లటి వాతావరణంలో బాగా పనిచేస్తుంది. వేడెక్కితే మెత్తబడి సన్నని అంచుల మీద జారుతుంది. శీతాకాలంలో ఒక పిల్లవాడు అవలీలగా నిల్చున్నచోట మేలో జారితే తప్పు వాడిది కాదు. ఈ సంగతి శిక్షకుడు చెప్పకపోతే తనకు చేతకాదనుకుని ఆ పిల్లవాడు ఆ విద్యకే దూరమవుతాడు.

అరచేతులకు మరో చిక్కు ఉంది. ఒంటిపై చెమట గ్రంథులు అత్యంత దట్టంగా ఉండే చోట్లలో అరచేతులు, అరికాళ్లు ముందుంటాయి. వేడికే కాదు, భయానికీ అక్కడ చెమట పడుతుంది. మొదటిసారి ఎత్తుకు వెళ్లిన పిల్లలకు రెండూ ఒకేసారి వచ్చిపడతాయి. దీనికి విరుగుడుగా మెగ్నీషియం కార్బోనేట్‌ పొడిని చేతులకు రాసుకుంటారు. జిమ్నాస్టిక్స్‌లో వాడే ఈ పొడిని 1950ల్లో జాన్‌ గిల్‌ అనే అమెరికా యువకుడు బండల మీదికి తెచ్చాడు. పొడి గాలిలో ఇది బాగా పనిచేస్తుంది. ఉక్కపోతలో పొడి కాస్తా ముద్దగా మారి, రాతి రంధ్రాల్లో ఇరుక్కుని, తర్వాత ఎక్కేవాడికి మరింత జారుడవుతుంది. బ్రష్‌తో రాతిని శుభ్రం చేసే అలవాటు శిబిరాల్లో ఉండాలి. తడిసి మెత్తబడిన వేలి చర్మం గరుకు గ్రానైటు మీద త్వరగా లేచిపోతుంది కాబట్టి, రోజుకు ఎన్నిసార్లు ఎక్కాలన్నదానికీ వేసవిలో హద్దు పెట్టుకోవాలి.

చూడాల్సింది కింద ఉన్నవారిని

శిబిరంలో అందరి కళ్లూ పైకి ఎక్కుతున్నవారి మీదే ఉంటాయి. ఎండ దెబ్బ ముందుగా తగిలేది చాలాసార్లు కింద తాడు పట్టుకుని నిల్చున్నవారికి. ఎక్కేవాడు పది, పదిహేను నిమిషాల్లో దిగి నీడకు వెళ్తాడు. బిలే ఇచ్చేవారు, అంటే పైవాడు జారితే పడిపోకుండా తాడును బిగించి పట్టేవారు, ఒకరి తర్వాత ఒకరికి తాడు వదులుతూ, లాగుతూ గంటల తరబడి బండ వేడి కొట్టే చోటే తల పైకెత్తి నిలబడతారు. ఎండ మొదట దెబ్బతీసేది కండరాలను కాదు, ఏకాగ్రతను. మాట ఆలస్యంగా వినిపించడం, చిరాకు, తలనొప్పి, తాడు వదులుగా ఉన్నా గమనించకపోవడం.. ఇవన్నీ వడదెబ్బకు ముందు మెట్లు. చెమట పట్టిన అరచేతిలో తాడు జారే ప్రమాదం వీటికి తోడవుతుంది. పైనున్న వాడి ప్రాణం ఆ చేతిలోనే ఉంటుంది.

ఎంతటి అనుభవజ్ఞులైనా తాడు పట్టేవారిని వేసవిలో అరగంటకోసారి మార్చాలి. వారు నిల్చునే చోట నీడ ఉండాలి. నాలుగు కర్రలు పాతి తాటాకుల పందిరి వేస్తే చాలు, దీనికి లక్షలేమీ ఖర్చు కావు. రిజర్వులో ఇంకొకరు ఉండాలి. ఖర్చు తగ్గించుకోవడానికి ఇద్దరు శిక్షకులతో నలభై మంది పిల్లలను ఎక్కించే శిబిరాల్లో ముందుగా కొరవడేది ఈ మార్పిడే.

తాడు మీద వేలాడుతూ ఎవరైనా స్పృహ తప్పితే క్షణం ఆలస్యం చేయకుండా కిందికి దించాలి. హార్నెస్‌లో కదలిక లేకుండా వేలాడే మనిషి కాళ్లలోకి రక్తం చేరి, మెదడుకు, గుండెకు అందడం తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గినవారికి ఇది మరింత వేగంగా జరుగుతుంది. దించాక నీడలో పడుకోబెట్టి, ఒంటినిండా నీళ్లు పోసి, విసరాలి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయరాదు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ ఉంటే అది వడదెబ్బే. 108కు ఫోన్‌ చేసి, వాహనం వచ్చేదాకా నీళ్లు పోయడం ఆపకూడదు.

నీళ్ల విషయంలోనూ ఒక మాట. ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగించడం సరిపోదు. చెమటతో పోయిన ఉప్పు తిరిగి రావాలి. ఓఆర్‌ఎస్‌ పొట్లాలు మంచివే. ఉప్పు వేసిన మజ్జిగ, జొన్న అంబలి, గంజి కూడా మన ఇళ్లలో తరాలుగా ఉన్నవే. శీతల పానీయాల సీసాలు వీటికి సాటిరావు.

గీత కార్మికుల గడియారం

ఈ జిల్లాకు ఎత్తులు ఎక్కడం కొత్తగా నేర్పాల్సిన పని లేదు. మోకు, ముస్తాదు కట్టుకుని తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు మన ప్రాంతంలో తొలి అధిరోహకుడు. వేసవి అంతా ఆయనకు పని ఉంటుంది. అయినా ఆయన చెట్టెక్కేది పొద్దు పొడిచే వేళ, మళ్లీ పొద్దు వాలాక. మిట్ట మధ్యాహ్నం చెట్టు మీద కనిపించడు. ఈ వేళలను ఏ నిపుణుల కమిటీ నిర్ణయించలేదు. ఉపాధి హామీ కూలీలూ ఎండాకాలంలో వేకువనే పార పట్టుకుని వెళ్తారు. (సాయంత్రం చెట్టెక్కడం గీత కార్మికుడికి కుదురుతుంది గానీ బండకు కుదరదు. తాటిచెట్టు రాయిలా వేడిని దాచుకోదు.)

చెట్టు మీద నుంచి పడి ప్రాణాలు కోల్పోతున్న గీత కార్మికుల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024 జులైలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరిట భద్రతా కిట్ల పంపిణీ ప్రారంభించింది. బండ ఎక్కేవారు వాడే తాడు, హార్నెస్‌ పద్ధతి ఇలా తాటివనాల్లోకి వచ్చింది. అటు నుంచి ఇటు రావాల్సినదేదైనా ఉందంటే అది వారి గడియారం.

వేసవిలో బండ మీద శిక్షణ ఉంటే తెల్లవారుజామున అయిదున్నరకు మొదలై ఎనిమిదిన్నరకల్లా తాళ్లు చుట్టేయాలి. పిల్లలను ముందురోజు రాత్రే దగ్గరలో బస చేయిస్తేనే ఇది సాధ్యం. హైదరాబాద్‌లో ఉదయం ఏడింటికి బస్సు ఎక్కించి, టిఫిన్లు కానిచ్చి, పదింటికి బండ దగ్గరికి చేర్చే ఒక్కరోజు కార్యక్రమాలను మే నెలలో అనుమతించడంలో అర్థం లేదు. శరీరం ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. పరీక్షల కోసం నెల రోజులు గదుల్లో కూర్చున్న పిల్లలకు మూడు రోజుల శిబిరంలో ఆ అలవాటు ఎక్కడినుంచి వస్తుంది? మొదటి రెండు రోజులు ముడులు వేయడం, సామగ్రి పరిచయం వంటి నీడపట్టు పాఠాలతో గడిపి, ఎక్కే సమయాన్ని రోజురోజుకూ పెంచుతూ పోవాలి.

తొలకరి వచ్చాక ఇంకో రకం ముప్పు

మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడగానే హమ్మయ్య అనుకుంటాం. బండ ఎక్కేవారికి అది అంత ఊరట కాదు. ఉష్ణోగ్రత 33కు దిగినా తేమ 65 శాతానికి చేరితే తడిబల్బు అంకె 27 దాటుతుంది. మే నెలలోని పొడి మధ్యాహ్నం కంటే ఇదే ఎక్కువ. ఎండాకాలమంతా ఎండిపోయి కనిపించిన నల్లటి చారలు, వాన నీరు పారే దారుల్లో పెరిగిన నాచు, తడవగానే సబ్బులా జారుతాయి. ఏప్రిల్‌, మే నెలల్లో సాయంత్రం వేళ హఠాత్తుగా వచ్చే ఈదురుగాలులు, పిడుగులు మరో గండం. చుట్టూ మైదానం, మధ్యలో బోడి బండ, దాని మీద మనిషి. పిడుగుకు ఇంతకన్నా అనువైన గురి ఉండదు. ఉరుము వినిపిస్తే దిగిపోవడమే నియమం. సాయంత్రం సాధన వద్దనడానికి ఇది మరో కారణం.

కొండ చరియలకు వేలాడే పెద్ద తేనెపట్ల సంగతీ మరవరాదు. తాడు కట్టకముందే పైనా కిందా చూసి, పట్టు ఉన్న వైపు వదిలేయాలి.

సముద్ర తీరంలో ఈ సమస్యల స్వరూపమే వేరు. అక్కడ రాత్రి కూడా ఉక్కపోత తగ్గదు. ఉప్పుగాలికి రాతిలో దిగేసిన ఉక్కు బోల్టులు బయటికి బాగానే కనిపిస్తూ లోపల చిట్లుతాయి. థాయ్‌లాండ్‌ తీరంలోని కొండల్లో ఈ కారణంగానే ఉక్కు బోల్టులు తీసి టైటానియంవి అమర్చుకోవలసి వచ్చింది. విశాఖ పరిసరాల్లో ఇలాంటి శిక్షణ విస్తరించాలనుకునేవారు భువనగిరి పద్ధతిని ఉన్నదున్నట్టు అనుసరిస్తే కుదరదు.

దసరా, సంక్రాంతి ఎందుకు కాకూడదు?

ఇటీవలి ఏళ్లలో తెలంగాణలో వేసవి సెలవులు ఏప్రిల్‌ 24 నుంచి జూన్‌ 11 వరకు ఉంటున్నాయి. ఏడు వారాలు. విద్యార్థులకు ఇంత తీరిక మరెప్పుడూ దొరకదన్నది నిర్వాహకుల వాదన. అది కాదనలేం. మరి ఈ ఏడు వారాల్లో బండ నిజంగా ఉపయోగపడేది రోజుకు మూడు గంటలే. దసరా సెలవులు దాదాపు రెండు వారాలు. వానలు వెనకపట్టు పట్టిన రోజులు, రాయి కడిగినట్టుంటుంది. సంక్రాంతి సెలవులు అయిదారు రోజులే అయినా రోజంతా ఎక్కవచ్చు. గంటల లెక్క తీస్తే జనవరిలోని ఆరు రోజులు మేలోని రెండు వారాలకు సమానం.

పండగ పూట పిల్లలు ఇంటికి వెళ్లాలనుకుంటారు, అందులో తప్పులేదు. గురుకులాల్లో చదివేవారికి ఇల్లు చూసే అవకాశమే అప్పుడు. కాబట్టి దసరా సెలవుల్లో మొదటి సగమో, చివరి సగమో ఇష్టపడిన వారితో శిబిరం పెట్టడం, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారాంతాల్లో చుట్టుపక్కల జిల్లాల పాఠశాలలకు వంతులవారీగా అవకాశం ఇవ్వడం ఆచరణసాధ్యం. వేసవిని డార్జిలింగ్‌, ఉత్తరకాశీల్లోని పర్వతారోహణ సంస్థల కోర్సులకు పిల్లలను పంపడానికి వాడుకోవచ్చు. భువనగిరిలో చలికాలంలో బండ మీద తేలినవారిని ఎంపిక చేసి వేసవిలో హిమాలయాలకు పంపితే రెండు చోట్లా కాలం కలిసివస్తుంది.

వేసవి శిబిరాలను పూర్తిగా నిషేధించాలన్న వాదనతో ఏకీభవించడం కష్టం. నగరంలో డబ్బున్న కుటుంబాల పిల్లలకు చల్లటి గదుల్లో కృత్రిమ గోడలున్నాయి. వారు ఏ నెలలోనైనా సాధన చేస్తారు. గురుకుల విద్యార్థికి ఉన్నది ఈ బండ ఒక్కటే. నిషేధం పెడితే ఆగేది పేదింటి పిల్లల సాధనే. మరోవైపు, ఎండ భరించలేకపోతున్నానని నోరు తెరిచి చెప్పలేనిదీ ఆ పిల్లలే. సార్‌ ఏమనుకుంటారో, తిప్పి పంపేస్తారేమో అన్న బెరుకు వారికి ఉంటుంది. అందుకే ఆపాలన్న నిర్ణయాన్ని వారి మీద వదలకుండా అంకెల మీద పెట్టాలి.

అంకెలు అందుబాటులోనే ఉన్నాయి. రాష్ట్రంలో మండలాల వారీగా ఆటోమేటిక్‌ వాతావరణ కేంద్రాలు పనిచేస్తున్నాయి. ఉష్ణోగ్రతతో పాటు తేమ శాతాన్నీ అవి నమోదు చేస్తాయి. వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తోంది. నారింజ హెచ్చరిక ఉన్న రోజు బండ మీద శిక్షణ రద్దు, పసుపు ఉంటే ఏడున్నరకే ముగింపు అని పర్యాటక, విద్యాశాఖలు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. సాహస పర్యాటకంపై 2018లో జాతీయ స్థాయిలో మార్గదర్శకాలు వెలువడ్డాయి. స్థానికంగా వేడికి సంబంధించిన ఈ రెండు వాక్యాలను అనుమతి పత్రంలో చేర్చడానికి జిల్లా యంత్రాంగానికి అడ్డేమీ ఉండకూడదు.

కోట దిగువన కావలసినవి కూడా పెద్దవేమీ కావు. తాడు పట్టేవారికి, వంతు కోసం వేచి ఉండేవారికి పందిరి, మంచినీటి తొట్టి, గోడకు వేలాడే ఉష్ణోగ్రత-తేమ మీటరు, ఓఆర్‌ఎస్‌ పెట్టె, 108 వాహనం బండ దగ్గరిదాకా రాగలిగే దారి. సందర్శకులు వాహనాలు అడ్డదిడ్డంగా నిలిపే ఆదివారాల్లో ఈ చివరిదే అన్నింటికన్నా కష్టం. వేసవి శిబిరాల ప్రకటనలు వెలువడేలోపు, మార్చి నెలలోనే ఈ పనులు పూర్తి చేయాల్సి ఉంది.